బూరె విస్తరి

అదిగో ముక్కు కదిలింది, కాదు, ఫ్యాన్ గాలికి మీసాలు కదిలాయి, కాదు కాదు, ముక్కే, ముక్కు కదిలితే ఊపిరి ఉన్నట్టే, కానీ ఊపిరి ఒక్కటే చాలదు, పెంటిక రాలాలి, మిరియపు గింజంత పెంటిక ఒక్కటి రాలితే బతికినట్టే, దాని కోసం వంటింటి గచ్చు మీద బోర్లా పడుకుని కుందేలు పిల్ల తోక వైపు చూస్తున్నాను, నేను, దుర్గాభవానిని, ఈ ఇంటి కొత్త కోడలిని, కదలకు బూరె, అయ్యో కాదు, కదులు, తిరగనివ్వమనే కదా డాక్టరుగారు చెప్పింది, పొద్దున్న అమలాపురంలో బల్ల మీద పెట్టగానే దీని పొట్ట తడిమి, ఏం పెట్టేరమ్మా దీనికి అన్నారు, కొబ్బరి ముక్కండి అన్నాను, ఇంకా, అరటిపండండి, ఇంకా, పూతరేకులండి, కొంచెమేనండి, ఆయన కళ్ళజోడు తీసి మా ఆయన వైపు తిరిగి, వీరబాబుగారూ, కుందేల్ని పెంచుతున్నారా, కొత్తల్లుణ్ణి మేపుతున్నారా అన్నారు, నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు, సూది వేశారు, పసిది, దీని పేగులు గడ్డితోనే నడుస్తాయి, తీపి పడితే ఆగిపోతాయి, దీపాలవేళకి పెంటిక పడకపోతే మళ్ళీ తీసుకురండి, అప్పుడు నేను మాట ఇవ్వలేనమ్మా.

దీపాలవేళకి ఎంతో లేదు, కొబ్బరిచెట్ల నీడ అప్పుడే గుమ్మం దాటింది, రొయ్యల చెరువు దగ్గర నుంచి మా ఆయన ఫోన్ మీద ఫోన్, పడిందా, పడలేదండి, ఇప్పుడో, లేదండి, ఎండుగడ్డి ముందే ఉంది, వాసన చూసి మొహం తిప్పుకుంది, వేలితో పొట్ట మీద మెల్లగా రాస్తున్నాను, బిగుసుకుని గుండ్రంగా అచ్చం బూరెలాగే ఉంది, ఆ పేరు పెట్టింది అత్తయ్యగారే, గోధుమరంగు పిల్లని అరచేతిలో చూసి, నా చేతి బూరెలా ఉందే అమ్మాయ్ అని, ఆవిడ చేతి బూరె, అబ్బ, కాపురానికి వచ్చిన రోజున విస్తరి ముందు కూర్చోబెట్టి, ఇంకొక్కటి, ఒక్కటే అంటుంటే, చాలండి అని చెయ్యి అడ్డం పెట్టాను, అడ్డం పెట్టిన చేతిని లెక్కచేస్తే మర్యాద తక్కువట, నా వేళ్ళ సందులోంచే బూరె జారవిడిచి పైన వేడి నెయ్యి పోశారు, చెయ్యి చురుక్కుమంది, పంక్తంతా నవ్వింది, మంగాయమ్మగారి వడ్డన ముందు ఎవరి చెయ్యీ ఆగదండీ అని, ఆ రోజుతో చెయ్యి అడ్డం పెట్టడం మానేశాను.

మానేసి ఏం చేశాను, తోక కదిలింది, లేదు, ఏం చేశాను, బూరెని ఒళ్ళో పెట్టుకుని భోజనానికి కూర్చోవడం మొదలుపెట్టాను, అత్తయ్యగారు పైన వడ్డించింది నేను బల్ల కింద వడ్డించాను, కొబ్బరి, అరటిపండు, పూతరేకు మడత, ఖాళీ పళ్ళెం చూసి ఆవిడ మురిసిపోయి పక్కింటి పోలమ్మగారితో, మా కోడలు చక్కగా తింటుందండీ, ఆయ్, ఒళ్ళు కూడా చేసింది అన్నారు, ఒళ్ళు చేసింది ఎవరో నాకు తెలుసు, అప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు రావడం లేదు, పాపం ఆవిడ పొద్దుట్నుంచీ మురమళ్ళ స్వామికి మొక్కుతున్నారు, గడ్డి తినే ప్రాణికి ఏమొచ్చిందో అని, డాక్టరుగారు చెప్పిన తీపి సంగతి ఆవిడకి మేమింకా చెప్పనేలేదు.

ఆగు, లేచింది, నడుం సాగదీసింది, ఒక గెంతు, గడ్డి దగ్గరికే, పోచ నోట్లోకి పోతోంది, దవడ ఆడుతోంది, కరకర, ఇంకో పోచ, గచ్చు మీద ఏదో దొర్లింది, గింజా, గింజ కాదు, అదే, ఇంకోటి, మరోటి, అత్తయ్యగారూ పడిందండీ, ఆవిడ పళ్ళెంతో పరుగున వచ్చారు, పడిందా తల్లీ, స్వామి కాపాడేడు, నువ్వూ పొద్దుట్నుంచీ తినలేదు, నీకు రెండు కొబ్బరుండలు, బూరె కూడా నీరసపడిపోయింది, దీనికో ముక్క, ఆవిడ చెయ్యి దిగుతోంది, నా చెయ్యి వెళ్ళిపోయింది, నేను పంపకుండానే, అడ్డంగా, వేళ్ళ మధ్య సందు లేకుండా, చాలండి అత్తయ్యగారూ, మీరు నాకు పెట్టినవి తినే దీనికిలా అయ్యిందండి, ఆవిడ ఆగారు, ఖాళీ పళ్ళేలన్నీ కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి, అంతా దీనికేనా, అంతా కాదండి, సగం, చెప్పొచ్చు కదే, నేనేమన్నా పులినా, చెప్పేనండి, మొదటిరోజే, చెయ్యి కాలింది, ఆవిడ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు, కొబ్బరుండలు గోడ గూట్లో పెట్టేసి, గడ్డయినా ఇంకొంచెం వెయ్యొచ్చా అన్నారు, గడ్డి ఎంతయినా వెయ్యొచ్చండి, అంతే, కింద కూర్చుని వడ్డిస్తున్నారు, ఇంకొక్క పోచ తల్లీ, ఒక్కటే, బూరె తింటోంది, ఫోన్ మోగుతోంది, మోగనీ, నేను నా చేతినే చూస్తున్నాను, విస్తరి మీద అడ్డం పెట్టడానికి బూరెకి చెయ్యి లేదు, నాకుంది, ఇన్నాళ్ళూ ఆ చేతిని బల్ల కింద దాచింది నేనే.