గెడ్డ లేదని రాసిన రిపోర్టు

2016 వేసవిలో రూబీ గరివిడి అవతలి బంజరుకి వరసగా మూడు రోజులు వెళ్లింది. విజయనగరంలో బోటనీ చదివి, పర్యావరణ సర్వేలు చేసే ఒక చిన్న ఆఫీసులో అప్పుడే చేరింది. ఆ బంజరులో సోలార్ ప్లాంటు రాబోతోంది. దానివల్ల అక్కడి నేలకీ నీటికీ మనుషులకీ ఏమవుతుందో చూసి రాయడం ఆమె పని.

మేకలు కాసుకునే నారాయణమ్మ ఆమె వెంట తిరిగింది. ఏ తుప్పని ఏమంటారో చెప్పింది. రాళ్ల మధ్య తీతువు పిట్ట గుడ్లను రూబీ తొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మూడోరోజు ఒక ఎండిన పల్లం దగ్గర ఆగింది.

"సూడు పాపా, ఇది గెడ్డ. వానొస్తే కొండ మీది నీరంతా ఇలాగే సెరువుకి పోతాది. దీన్ని కప్పీసినారంటే ఆ నీరు మా ఈదిలోకి వస్తాది. మా ముసిలోడు మంచం మీంచి లెగలేడు. ఈ సంగతి తప్పకుండా రాయి."

"రాస్తాను పిన్నీ."

రాసింది కూడా. పటం గీసి, గెడ్డకి ఇరువైపులా ఇరవై మీటర్లు వదిలెయ్యాలని రాసింది. కానీ ఆఫీసు యజమాని విజయ్‌కుమార్ చేతిలోంచి వచ్చిన కాపీలో 'నీటి ప్రవాహాలేవీ లేవు' అని ఉంది.

"గెడ్డ ఉంది కదండీ?" అని అడిగింది.

"పొగా బూడిదా లేని ప్లాంటమ్మా అది. అప్పిచ్చే బ్యాంకు అడిగిందని ఇస్తున్న రిపోర్టు. మంచి పనికి నువ్వు అడ్డం పడతావేటి?"

రూబీ మళ్లీ అడగలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం. సంతకం పెట్టేసింది.

మరుసటి ఏడు ప్లాంటు కోసం నేలంతా చదును చేశారు. అక్టోబరులో రెండు రోజులు వాన కురిసింది. వీధిలోకి నీరొచ్చి గోడ కూలి, మంచం పట్టిన గంగులు అనే వృద్ధుడు చనిపోయాడని పేపర్లో చూసి రూబీ బస్సెక్కింది.

వీధి ఇంకా బురదగానే ఉంది. నారాయణమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఇరుగుపొరుగు వాళ్లని పిలిచింది.

"గెడ్డ సంగతి రాసుకున్న పాప ఈయమ్మే! నువ్వు రాసినా ఆళ్లు ఇన్నారు కారు గదమ్మా!"

అవునని తలూపితే సరిపోయేది. రూబీ ఊపలేకపోయింది.

"నేను రాసింది తీసేశారు పిన్నీ. తీసేసిన కాగితం మీదే సంతకం పెట్టాను."

"సదవకుండా పెట్టినావా?"

"చదివే పెట్టాను."

నారాయణమ్మ చేతులు వదిలేసింది. కూలిన గోడవైపు నడిచి, మట్టిలోంచి ఇటుకలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

విచారణకి వచ్చిన అధికారికి రూబీ తన నోటుపుస్తకం, పటంతో సహా, ఇచ్చేసింది. ఆ వారంలోనే ఉద్యోగం పోయింది. వేసవి నాటికి ప్లాంటు కంచె చుట్టూ లోతుగా కాలవ తవ్వారు. ఆ ఏటి వానలకి వీధిలోకి చుక్క నీరు రాలేదు.

ఆ మాట విని రూబీ మరోసారి వెళ్లింది. నారాయణమ్మ గుమ్మం దిగలేదు.

"నిజం సెప్పినావంట. మంచి పనే సేసినావు," అంది. "కానీ నిన్ను సూస్తే మా ముసిలోడు మట్టికింద మూలిగిందే ఇనిపిస్తన్నాది. మరి రాకమ్మా."

రూబీ సరేనంది. బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.