ఒక్క పేరుకే చోటు

పదకొండేళ్లుగా ఆ పత్రికాఫీసులో అచ్చుతప్పులు దిద్దడమే ఆమె పని. అందరూ దిద్దుళ్లక్క అంటారు. మధ్యాహ్నం వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చుందంటే పేజీలన్నీ వెళ్లేదాకా తలెత్తదు.

ఆ రోజు మాత్రం అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పొద్దున బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మంటలు లేచి తొమ్మిదిమంది ఆడపిల్లలు పోయారు. అందులో ఒకతె ఆమె చెల్లెలు.

శవాలు ఇంకా ఫ్యాక్టరీ వాకిట్లోనే ఉన్నాయి. పేపర్లో పేరు పడందే శవం నేల వదలదు కదా. బతికుండగా నలభై కిలోలైనా తూగని పిల్లని ఎత్తబోయి ఆరుగురు మగాళ్లు నడుములు పట్టుకున్నారు.

మధ్యాహ్నానికి సినిమా హీరో పోయాడు. గంటలో ప్రత్యేక సంచిక వచ్చేసింది. అంతటి భారీ మనిషినీ కొడుకొక్కడే రెండు చేతుల మీద తీసుకెళ్లాడట.

దిద్దుళ్లక్క లేచి ఎడిటర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, ఫ్యాక్టరీ వార్త ఏదండీ?"

"ఎక్కడ పెట్టనమ్మా? ఆరో పేజీ దాకా ఆయనే. ఆయన కుక్క అన్నం ముట్టడం లేదట, దానికే అరపేజీ పోయింది."

"అందులో మా చెల్లెలుంది సార్."

ఆయన చెడ్డవాడు కాదు. "అయ్యో, ముందే చెప్పొద్దూ!" అంటూ పేజీలన్నీ వెతికాడు. "కుక్క ఫొటో కింద కాస్త ఖాళీ ఉంది. ఒక్క పేరు పడుతుంది."

"అక్షరాలు చిన్నవి చేసి తొమ్మిదీ ఇరికిస్తానండీ."

"చదవలేనంత చిన్నవైతే లెక్కలోకి రావు. నీకు తెలియందేముంది?"

ఆమె చాలాసేపు ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. చివరికి చెల్లెలి పేరు రాసింది. తప్పు పడిందేమోనని రెండుసార్లు చూసుకుంది.

తెల్లారి పేపరు వచ్చేసరికి ఆమె ఫ్యాక్టరీ వాకిట్లో ఉంది. అమ్మ వంగి చెల్లెల్ని భుజానికెత్తుకుంది, పాలు తాగి నిద్రపోయిన చంటిపిల్లని ఎత్తుకున్నట్టు. మిగతా తల్లులు పేపరు తిరగేసి మరగేసి చూశారు. వాళ్లలో ఒకావిడ దిద్దుళ్లక్క దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"మా పిల్ల పేరు రెండక్షరాలే కదమ్మా. పట్టలేదా?"



మర్నాడూ హీరోనే. ఆ మర్నాడూ హీరోనే. నాలుగో రోజు కాస్త చోటు దొరికితే, పాత వార్త ఎవరు చదువుతారన్నాడు ఎడిటర్. ఐదో రోజు ఫ్యాక్టరీ యజమాని లారీలతో మట్టి తెప్పించి, ఎక్కడివాళ్ల మీద అక్కడే పోయించాడు. పైన సిమెంటు వేసి షెడ్డు కట్టి, కొత్త మిషన్లు దించాడు.

దిద్దుళ్లక్క మళ్లీ ఆఫీసు గడప తొక్కలేదు. ఆ షెడ్డులోనే కాజాలు కుట్టే పనికి కుదిరింది. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయినీ చెయ్యి పట్టుకుని తిప్పుతూ, కాలు పెట్టకూడని చోట్లు ఎనిమిదీ చూపిస్తుంది. ఎవరి చోటు దగ్గర వాళ్ల పేరు చెబుతుంది. వాళ్లు "సరే అక్కా" అంటారు. భోజనాల వేళకి మరిచిపోతారు.