రొయ్యల గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. నాగరత్నం పోయిన రోజు పొద్దున్నే నన్ను పెరటి పొయ్యి మీద పెట్టి నిండా నీళ్ళు పోశారు. ఇంటినిండా జనం, వాకిట్లో రాకపోకలు, పొయ్యిలోకి కట్టెలు ఎగదోసే చేతులు. రొయ్యల చెరువులో వల లాగే పట్టుబడి రోజు కాబోలనుకున్నాను. నీళ్ళు కాగాయి. రొయ్యలు రాలేదు. చెంబులతో ఆ నీళ్ళు ముంచుకుపోయి నాగరత్నానికి చివరి స్నానం చేయించారు.

అలాంటి నీళ్ళు కొత్త మట్టికుండలో కాచాలట. కుండ తేవడానికి వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. నాగరత్నం భర్త పెద్దిరాజు అరుగు మీద కూర్చుండిపోయాడు. అతని అక్క భూషణం కళ్ళు తుడుచుకుంటూ చేతికి దొరికిన పెద్ద పాత్రను పొయ్యి ఎక్కించింది. ఆ పాత్ర నేను. కుండ తర్వాత వచ్చింది. దాన్ని ఏం చేశారో నాకు తెలియదు.

నేను ఇత్తడి పాత్రలకు పేరుపడ్డ అజ్జరంలో సుత్తి దెబ్బలు తిని ఈ ఆకారానికి వచ్చాను. నాగరత్నం కాపురానికి వస్తూ నన్ను వెంట తెచ్చుకుంది. మనుషులు పెద్ద పాత్రను కొంటారు, నలుగురికీ చూపిస్తారు, తర్వాత అటక మీద బోర్లిస్తారు. నా మొదటి సంవత్సరాలన్నీ అలాగే చీకట్లో గడిచాయి. పెద్దిరాజు వరిచేను తవ్వించి రొయ్యల చెరువు చేశాక ఆవిడే నన్ను కిందికి దింపింది. నీచు ఉడికిన పాత్ర వంటింట్లోకి రాకూడదని భూషణం అంటే, “పెరట్లోనే ఉంటుందిలెండి వదినా, దానికి గాలి బాగా తగులుతుంది” అంది.

అప్పటినుంచి ప్రతి పట్టుబడికీ పెరట్లో రొయ్యలు ఉడకాల్సిందే. ఉప్పు, పసుపు, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరపకాయలు, నిమ్మాకులు వేసి, నీళ్ళు తెర్లాక రొయ్యలను పెంకుతోనే వేసేది. వల లాగినవాళ్ళు ఆకులు పరుచుకుని పెరటినిండా కూర్చునేవాళ్ళు. తినకుండా ఒక్కరూ గేటు దాటకూడదు. రొయ్యలు ఎగుమతికి వెళ్ళిపోతాయి, పట్టినవాళ్ళకు వాసనే మిగులుతుంది, అది తనకు నచ్చదని ఆవిడ అనేది.

ఆవిడ పోయాక మొదటి పట్టుబడి వైశాఖంలో వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందు పెద్దిరాజు నా దగ్గర నిలబడి అంచు మీద చెయ్యి వేశాడు.

“ఒరే తమ్ముడూ, అందులో మాత్రం వద్దు” అంది భూషణం.

“ఎప్పుడూ ఇందులోనే కదే అక్కయ్యా.”

“ఎప్పుడూ వేరు. ఆ నీళ్ళు కాగిన దాంట్లో జనానికి తిండి ఎలా పెడతావురా?”

పట్టుబడి రోజుల్లోనూ, ఆ రోజూ నేను కాచింది నీళ్ళే. నిప్పూ అదే, పొయ్యీ అదే. ఆవిడ చెప్పిన తేడా నాలో ఎక్కడుందో వెతుక్కున్నాను. కనిపించలేదు. పెద్దిరాజుకూ కనిపించినట్టు లేదు, కానీ చెయ్యి మాత్రం తీసేశాడు.

పక్క ఊళ్ళో కాపురం ఉంటున్న కూతురు కుసుమ వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఏ దేశమో గానీ అక్కడా పెరట్లోనే ఉడకబెట్టుకుంటున్నారు. పెద్ద కొండీల రొయ్యల్లాంటివి, వాటితో మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు. కింద గ్యాసు పొయ్యి, పైన బాయిలరు, లోపల చిల్లుల బుట్ట. బుట్ట ఎత్తితే నీళ్ళు కిందికి, తిండి పైకి.

“ఇలాంటిది కొనేద్దాం నాన్నా. నీకు కట్టెల బాధ ఉండదు.”

“మీ అమ్మ కట్టెల బాధ ఉందని ఎప్పుడన్నా అందా?”

“అమ్మ ఏ బాధ చెప్పింది గనక” అంది కుసుమ.

మర్నాడు నన్ను ఆటోలో పెట్టుకుని భీమవరంలో పాత్రల కొట్టుకు వెళ్ళారు. నన్నెందుకు తెచ్చారో నాకు అర్థం కాలేదు. కొట్టులో బాయిలర్లు వరసగా ఉన్నాయి. కుళాయి ఉన్నది, లేనిది, స్టీలుది, సత్తుది, వెడల్పుది, ఎత్తుది. పెద్దిరాజు ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టి చూశాడు, మూత తీశాడు, పెట్టాడు. కుళాయి ఉంటే పెంకులు అడ్డుపడతాయన్నాడు. లేనిదాన్ని చూపిస్తే నీళ్ళెలా వంచాలన్నాడు. స్టీలు మాడుతుందేమో, సత్తు నలుపెక్కుతుందేమో. కుసుమ స్టూలు మీద కూలబడింది.

కొట్టు యజమాని ఓపిక గలవాడు. “ఎంతమందికండి?” అని అడిగాడు.

పెద్దిరాజు నా వంక చూశాడు. “ఎప్పుడూ వచ్చేవాళ్ళేనండి. ఒకరు తగ్గారు.”

“ఒక్క మనిషికి సైజేం మారదండి” అన్నాడు యజమాని బాయిలరు దుమ్ము తుడుస్తూ. “ఈ పాతదాంట్లో ఎంత పడుతుందో అంతదే తీసుకోండి.”

కుసుమ తల తిప్పుకుంది. పెద్దిరాజు సరేనన్నట్టు తల ఊపాడు. పాత్రల లెక్కన యజమాని చెప్పింది నిజమే.

“పాతది తూకం వేయించమంటారా?”

“అమ్మడానికి కాదండి.”

“మరెందుకు మోసుకొచ్చారండి బాబూ?”

“కొలతకి.”

పట్టుబడి రోజున కొత్త బాయిలరు కింద గ్యాసు మంట హోరుమంది. నన్ను గోడవారన బోర్లించారు. రొయ్యలు ఎర్రబడ్డాయి. ఎప్పుడు తీయాలో ఎవరికీ తెలియక పెద్దిరాజు మాటిమాటికీ మూత తీసి చూశాడు. చివరికి కుసుమే బుట్ట ఎత్తింది. వల లాగే తాతారావు ఒక రొయ్య ఒలుచుకుని నోట్లో వేసుకున్నాడు.

“ఉప్పు తగ్గిందండి.”

“నీ నోట్లో తుమ్మజిగురు పోయ, ఇప్పుడా చెప్పేది?” అని పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

“చెప్పనీరా” అన్నాడు పెద్దిరాజు. “ఆవిడుంటే ఆవిడకే చెప్పేవాడు కదా.” లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి ఆకు ఆకుకీ తానే వడ్డించాడు. తినకుండా ఒక్కరూ గేటు దాటలేదు.

అందరూ వెళ్ళాక భూషణం నా పక్కన కూర్చుంది. “తమ్ముడూ, పంతులుగారిని అడిగాన్రా. దీనికి కళాయి పెట్టిస్తే ఏ మైలా ఉండదంట. ఆ రోజు పొయ్యి ఎక్కించింది నేనే. నా తొందరపాటుకి మీ ఆవిడ గుండిగ మూలపడటం నాకు బాగాలేదు.”

“పెట్టిద్దాంలే అక్కయ్యా.”

ఆషాఢంలో కళాయి వేసే మనిషి వీధిలోకి వచ్చాడు. పెద్దిరాజు నన్ను రెండు చేతులా ఎత్తుకుని గేటు దాకా వెళ్ళాడు. ఆ మనిషి నా లోపలికి తొంగిచూసి, ఇసుకతో అంతా గీకి, ఆనక తగరం పూస్తానన్నాడు.

“లోపలంతా గీకుతావా?”

“గీక్కపోతే తగరం పట్టదండి.”

పెద్దిరాజు నా మీదికి వంగాడు. లోపలికి తొంగిచూశాడు. అక్కడ నాకు తెలిసి ఏమీ లేదు. తర్వాత రమ్మని అతన్ని పంపేసి, నన్ను తెచ్చి మళ్ళీ గోడవారన పెట్టాడు. ఈసారి బోర్లించలేదు.

ఆ మనిషి తర్వాత రెండు మూడుసార్లు వచ్చి వెళ్ళాడు. నాకు కళాయి ఇంకా పెట్టించలేదు.