ఊపిరి బిగబట్టిన మబ్బు

గద్వాలలో ఆ వీధి ఆరింటికే లేస్తుంది. ఆరున్నరకు రాధమ్మ ఎదురింటి వాళ్ల మొహం చూసి, ఈ రోజు బాగుండదని తేల్చేస్తుంది. ఏడుకు ఖాసిం టీ కొట్టు తెరుస్తాడు. ఎనిమిదికి మగ్గాల చప్పుడు మొదలవుతుంది. అదే వేళకు నిరోష డాబా మీద కుర్చీ వేసుకుని కంప్యూటర్ తెరుస్తుంది. ఆమె వయసు ఇరవై తొమ్మిది. మూడేళ్ల నుంచీ అంతే.

ఆమె చేసేది ఏ ఉద్యోగమో వీధికి అర్థం కావడానికి ఏడాది పట్టింది. హైదరాబాదులో ఒక కంపెనీకి వాతావరణం చెప్పే యాప్ ఉంది. మొదట్లో అది "వర్షానికి నలభై శాతం అవకాశం" అనేది. నలభై శాతానికి ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తాలో వద్దో ఎవరికీ తెలిసేది కాదు. నిరోష ఆ అంకెలు తీసేసి, బుగ్గలున్న మబ్బునొకదాన్ని పెట్టింది. వేలితో దాని కడుపు గిల్లితే నవ్వి నాలుగు చినుకులు రాలుస్తుంది. నిమిరితే నిద్రపోతుంది. వేలు నొక్కి ఉంచితే బుగ్గలు పూరించి ఊపిరి బిగబడుతుంది, వేలు తీసేదాకా.

యాప్ వచ్చిన నెలకు, ఫోన్లో మబ్బు ఏం చేస్తే వీధి మీది మబ్బూ అదే చేయసాగింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. కొట్లాడుకున్నారు. రాధమ్మ వడియాల కోసం మబ్బును నిద్రపుచ్చితే ఖాసిం గిల్లి లేపేవాడు. చినుకు పడితే టీ బాగా పోతుంది మరి. చివరికి పెద్దమనుషులు అతని కొట్టులోనే కూర్చుని, మూడేసి టీలు తాగి కట్టుబాటు చేశారు: వీధిలో పడుగు కట్టిన రోజు ఎవరూ మబ్బును ముట్టుకోకూడదు.

చీరకు నిలువునా పోయే నూలే పడుగు. దాన్ని వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. పచ్చిగా ఉండగా వాన పడితే పోగులన్నీ అట్టకడతాయి. ఇక ఆ నూలు దేనికీ పనికిరాదు.

ఆ గురువారం పడుగు కట్టింది రాధమ్మ కొడుకు రాఘవేంద్ర. చేతిలో పనితనం ఉంది, నోట్లో మాట లేదు. నేసేవాడికి పిల్లనిచ్చేది లేదని నాలుగు సంబంధాల వాళ్లు చెప్పి పోయారు. ఐదో వాళ్లు ఆ మాట చెప్పడానికి కూడా రాలేదు. నిరుడు తన మగ్గం గుంట పూడ్చేసి కిటికీ దగ్గర కొత్తది తవ్వుకున్నాడు, వెలుతురు కోసమట. ఆ కిటికీకి ఎదురుగా ఉన్నది నిరోష వాళ్ల డాబా.

"ఈ పడుగు చెడితే మగ్గం ఇప్పేస్త. హైదరాబాద్ పోయి గేటుకాడ నిలబడ్త" అన్నాడు పొద్దున. ఆ నెలలో అతను అన్న పెద్ద మాట అదే. వాచ్‌మన్ యూనిఫాంకు కొలతలు కూడా ఇచ్చి వచ్చాడు.

పదిన్నరకు, గంజి ఇంకా తడిగా ఉండగానే, ఖాసిం చెయ్యి అలవాటుగా ఫోన్లోని మబ్బు కడుపు మీదికి పోయింది.

"యా అల్లా! యాది మర్సిన!" అని నెత్తి కొట్టుకున్నాడు. పైన మబ్బు నల్లబడి నవ్వబోయింది. ఒక్క చినుకు రాఘవేంద్ర కుంచె మీద పడింది.

రెండోది పడలేదు. డాబా మీద నిరోష ఫోన్లో మబ్బును బొటనవేలితో నొక్కి పట్టుకుంది. ఆకాశంలో మబ్బు బుగ్గలు పూరించి ఆగిపోయింది.

"ఎంతసేపు ఆరాలె?" అని నిరోష పైనుంచి కేకేసింది.

"రెండు గంటలు."

"ఎండ లేదు గద?"

"అయితే మూడు."

"జల్ది దువ్వు. ముచ్చట్లు పెట్టకు."

అతను పుట్టి బుద్ధెరిగాక ముచ్చట్లు పెడతాడని ఎవరూ తిట్టలేదు. రాఘవేంద్ర సంతోషంగా దువ్వాడు.

వీధివాళ్లంతా తమ ఫోన్లు తెచ్చి ఖాసిం బిస్కెట్ డబ్బాలో పడేశారు. ఎవరి వేలినీ ఎవరూ నమ్మరు. పదకొండుకు నిరోష మేనేజరు ఫోన్ చేశాడు. మబ్బును యాప్‌లో ఉంచాలా తీసేయాలా అని తేల్చే మీటింగు ఆ వేళకే. నాలుగుసార్లు మబ్బు నుదుటి మీద అతని పేరు వెలిగి ఆరిపోయింది. ఆమె వేలు తీయలేదు.

చార్జింగు అయిపోవస్తుంటే ఖాసిం తలవంచుకుని పవర్ బ్యాంకు తెచ్చిచ్చాడు. ఒంటిగంటకు రాధమ్మ జొన్నరొట్టె, పప్పు పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"నోరు తెరువ్ బిడ్డా."

"కారం ఎక్కువైంది అత్తా."

"గింత నాజూకైతే మా ఇంట్ల ఎట్ల బతుకుతవ్?" అని రాధమ్మ గభాల్న నాలుక కరుచుకుంది. వీధి మొత్తం విననట్టు నటించింది.

ఒకటిన్నరకు పడుగు ఆరింది. చుట్టి లోపల పెట్టి రాఘవేంద్ర మొదటిసారి ఆ డాబా ఎక్కాడు.

"అయిపోయింది. ఇడువు."

"వస్తలేదు. వేలు బిగుసుకపోయింది."

అతను ఆమె చెయ్యి అందుకుని, గంజిలో అతుక్కున్న పోగును విడదీసినట్టు వేలును మెల్లగా లేపాడు. మబ్బు ఊపిరి వదిలింది. మూడు గంటల వాన ఒక్కసారి కురిసింది. వాళ్లిద్దరూ కిందికి దిగడానికి అరగంట పట్టింది. ఆ మెట్లు పదకొండే.

కంపెనీ మబ్బును తీసేసి అంకెలు పెట్టింది. ఈ వీధిలో మాత్రం ఎవరూ యాప్‌ను అప్‌డేట్ చేయలేదు. యూనిఫాం వచ్చింది, తీసుకునేవాడు లేక వెనక్కి పోయింది. మగ్గం మీద ఇప్పుడు మబ్బురంగు చీర నడుస్తోంది. ఎవరికని అడిగితే రాఘవేంద్ర "ఆర్డరు" అంటాడు. చెవులు మాత్రం ఎర్రబడతాయి.

మొన్న రాధమ్మ తనంతట తానే టీ కొట్టుకు పోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఖాసిం భాయ్, తలంబ్రాలు పోసేటప్పుడు జర గిల్లు. నాలుగు చినుకులే."