జముకు జారిన సాయంత్రం

ఈ స్పీకరు పెట్టె ఇంకొక్క జానెడు వెడల్పుంటే ఎంత బాగుండేది, మోచేయి బయటికి కనిపిస్తోంది, మోచేయి కనిపిస్తే మనిషి కనిపించినట్టే కదా అనుకుంటూ తాయారు ఇంకాస్త లోపలికి జరిగింది, జరిగితే వీపుకి లారీ క్యాబిను వెనక రేకు తగిలింది, పొద్దంతా ఎండలో కాగిన రేకు ఇంకా వెచ్చగానే ఉంది, దానిమీద కట్టిన బంతిపూల దండలోంచి చీమ ఒకటి మెడమీదికి పాకింది, దులుపుకుంటే మోచేయి మళ్లీ బయటికి, అయ్యో, సాలూరులో ఉన్న లారీలన్నీ దసరా ఆయుధపూజకి కడిగించుకుని, బొట్లు పెట్టించుకుని పెళ్లికూతుళ్లలా నిలబడ్డాయి, వాటి మధ్య దాలయ్య లారీ ఒక్కటే పక్క తలుపులు దించుకుని స్టేజీ అయిపోయింది, దాలయ్య జముకు వాయించే నవీన్‌కి మేనమామ, నా బండి మీద ఇటికలెక్కినాయి, గేదెలెక్కినాయి, మీరెక్కితే ఏటైపోతాది ఎక్కండొరే అన్నాడు, అలా దొరికింది వాళ్ల బ్యాండు తంపరకి మొదటి ప్రోగ్రాం.

తంపర అన్న పేరు శివాజీ బావ పెట్టాడు, ఏటి పక్కన కాలు పెడితే మోకాలిదాకా దిగిపోయే బురదనేలని వాళ్ల ఊళ్లో తంపర అంటారు, మన పాటలో కాలెట్టినోడు మరి పైకి రాకూడదొరే అని బావ చెబితే అందరూ సరే అన్నారు, బావ గిటారు వాయిస్తాడు, కాలికింద రెండు పెడళ్లు, ఒకటి తొక్కితే రంపం కోసినట్టు, ఇంకోటి తొక్కితే నూతిలోంచి ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది, అనిత బేస్ గిటారు, ఇంటర్లో తాయారు పక్కనే కూర్చుంటుంది, జుట్టు భుజాలదాకా కత్తిరించుకుంది, ప్రిన్సిపాలుతో కూడా వాదిస్తుంది, ఇక నవీన్‌ది తన తాత దగ్గర నేర్చిన జముకు, తోలు బిగించిన గుల్ల, తోలు మధ్యలోంచి ఒక తీగ, తీగ లాగి మీటితే గుమ్మ్‌మని కడుపులో మోగుతుంది, మరి తాయారు, తాయారుది పాట, ఆ మాట పైకి చెప్పుకోవడానికే సిగ్గు, రాజాంలో ఊక గోదాములో సాధన చేస్తున్నన్నాళ్లూ ఊక బస్తాల వైపు తిరిగే పాడింది, బస్తాలు మంచివి, ఏమీ అనవు, ఇదేటి పాటరా ఇది అని నానమ్మ జగ్గమ్మ ఒకరోజు గోదాముకొచ్చి అడిగితే, సైకెడెలిక్ రాక్ మ్యూజిక్కు అమ్మమ్మా, ఇంటే బుర్ర గిర్రున తిరగాల అన్నాడు బావ, దానికింత గోలెందుకురా, నాను బీపీ మాత్ర మానేస్తే సాలు, బుర్ర అదే తిరుగుతాది అంది నానమ్మ, అనిత బస్తా మీదనుంచి దొర్లిపడింది నవ్వలేక, ఇప్పుడు అదే నానమ్మ ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది, ఆవిడ పక్కన ఎవరో లావుపాటామె, ఆ వెనక డ్రైవర్లు, క్లీనర్లు, పిల్లలు, ఎంతమంది కళ్లో, ఎనిమిదో తరగతిలో జెండా వందనం రోజు ఇలాగే కళ్లన్నీ తనమీద పడితే నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు, మాస్టారు నీళ్లిచ్చారు, నీళ్లు తాగినా రాలేదు, అందుకే పెట్టె వెనకైతేనే పాడతానని ఒట్టు వేయించుకుంది, నువ్వు మిరపకాయ బస్తాలో దూరి పాడినా మాకు ఒప్పుదలే, పాడితే సాలు అన్నాడు బావ, ఎందుకంటే ఇంకెవరికీ గొంతు లేదు, ఇవాళ తన గొంతు రాకపోతే తంపర ఇక్కడే మునిగిపోతుంది, ఆ సంగతి తాయారుకి తెలుసు.

కానీ వచ్చింది, మొదటి మాట వచ్చింది, రెండోదీ వచ్చింది, పెట్టె వెనక చీకటి ఊక గోదాములాగే ఉంది, బావ నూతి పెడలు తొక్కాడు, జముకు గుమ్మ్‌మంది, హమ్మయ్య అనుకుని కళ్లు మూసుకుంది, రెండో చరణం సగంలో ఏదో తేడా, ఎవరో తలుపు కింద నించి గాలి లాగేసినట్టు, జముకు శ్రుతి దిగుతోంది, అవును, దిగుతోంది, సన్నగా చినుకు మొదలైంది, చల్లగాలికి తోలు మెత్తబడుతోంది, తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడే తట్టింది, ఎక్కేముందు నవీన్ లారీలో మిగిలిన గడ్డి పోగేసి మంట పెట్టి జముకు కాచాడు, కాచిన తోలు ఖంగుమంది, బావ తన ఫోనులో శ్రుతి చూస్తుంటే నవీన్ ఊరుకోలేదు, ఒరే, మా తాత సెప్పినాడు, జముకు పెద్దది, అందరూ దానికి తలొంచాల, దాని బట్టే మీరు బిగించుకోండి అన్నాడు, పెద్దరికం అంటే ఎవరు కాదంటారు, వేడివేడి జముకుకి రెండు గిటార్లూ బిగించేశారు, వేడి తోలు చల్లారుతుందని ఒక్కరికీ తట్టలేదు, ఇప్పుడు పెద్దది జారిపోతోంది, చిన్నవి రెండూ పైనే వేలాడుతున్నాయి, మధ్యలో పాట పిల్లి పోట్లాటలా అయింది, బావ మరలు తిప్పుతున్నాడు, అనిత తిప్పుతోంది, తిప్పి తిప్పి ఇద్దరూ ఆపేశారు, ఒక డ్రైవరు ఈల వేశాడు, ఇంకొకడు, బండి గేరు పడ్డంలేదురోయ్ అన్నాడు, అందరూ నవ్వారు.

ముగ్గురూ ఒక్కసారి పెట్టె వైపు తిరిగారు, తాయారు నోటివైపే చూస్తున్నారు, బావ పెదాలు, ఆపకు తల్లీ అంటున్నాయి, తను ఆపలేదు, ఆపలేదని అప్పుడే తెలుసుకుంది, జముకు ఎంత దిగితే తనూ అంత దిగింది, తొందరపడకుండా, తంపరలో కాలు దిగినట్టు, నెమ్మదిగా, ఊఁ అని రాగం పట్టుకుని, అనిత ఆ గొంతుకి తీగ సడలించుకుని ముందు కలిసింది, తర్వాత బావ, వేలితో తీగ వంచి వంచి కిందికి జార్చాడు, జముకు దిగుతోంది, తాయారు దిగుతోంది, వెనకాలే గిటార్లు దిగుతున్నాయి, పాట మొత్తం వానలో మట్టిగోడలా మెత్తగా కుంగుతోంది, నవ్వులు ఆగిపోయాయి, క్లీనరు పిల్లాడి తల దానంతట అదే ఊగుతోంది, ఓలమ్మో, ఇదేటే, నిజంగానే తిరుగుతంది బుర్ర అంది నానమ్మ గొంతు, మాత్ర ఏసుకున్నాను కూడానే అంది, తాయారుకి నవ్వొచ్చింది, నవ్వు కూడా రాగంలో కలిసిపోయింది.

అప్పుడే ఆ లావుపాటామె, ఎంత బాగా పాడతందమ్మా ఆ జుట్టు కత్తిరించుకున్న పిల్ల అంది, ఆ పిల్ల కాదు, నా మనవరాలు అంది నానమ్మ, ఏదీ, ఎక్కడున్నాది అందావిడ, పెట్టెనక అంది నానమ్మ, పెట్టెనక ఎవులుంటారు మామ్మా, ఆ పిల్ల సూస్తే నోరు కదపట్లేదు, అయితే అది రికార్డే, సెల్ఫోనులో ఏసీసినారు, రికార్డేటే నీ మొకం, నాను పెంచిన పిల్ల, ఊరుకో మామ్మా, మాకు తెల్దేటి, వెనకనుంచి ఇంకెవరో, అవునవును రికార్డే అన్నారు, తాయారు ఒళ్లు భగ్గుమంది, రికార్డా, ఇంతసేపు చీమ కుడుతున్నా ఓర్చుకుని, జారిపోయే జముకుని పట్టుకుని బండిని గట్టున చేర్చింది రికార్డా, అనిత చేతులెత్తి నేను కాదన్నట్టు ఊపుతోంది, అయినా ఎవరూ నమ్మడంలేదు, నానమ్మ ఒక్కతే కుర్చీలోంచి లేచి నిలబడి తగువాడుతోంది, ఇదేంటి, నన్నెందుకు ఎవరూ చూడరు అనుకుంది తాయారు, అనుకుని తనే ఉలిక్కిపడింది, ఎవరన్నారు ఆ మాట, నేనేనా, కాళ్లు అప్పటికే కదిలాయి, చున్నీ పెట్టె మూలకి తగులుకుంటే విసురుగా లాక్కుంది, లారీ అంచుదాకా వచ్చి నిలబడింది, చినుకు మొహం మీద పడుతోంది, కళ్లన్నీ తనమీదే, లావుపాటామె నోటిమీద చెయ్యేసుకుంది, గాలి కాదు, గొంతే వస్తోంది, పైగా మునుపటికంటే గట్టిగా, పాడుతూ పాడుతూ తాయారు అనుకుంది, ఇన్నేళ్లూ దాక్కున్నది కనిపించకూడదని కాదు, ఎవరైనా వచ్చి వెతికి తీసుకెళ్తారేమోనని, ఎవరూ వెతకరు, ఎవరి కుర్చీలో వాళ్లుంటారు, తనకి కనిపించాలని ఉంది, ఎప్పటినుంచో ఉంది, అంతే.