నుఐమ్ పెట్టని చుక్క

నాన్న కళ్ళకు చీమలు పట్టాయి.

షమూనీ పొద్దున్నే వచ్చి చూసేసరికి ఎర్రచీమల బారు ఒకటి మంచం కోడు పైకి పాకి, దిండు దాటి, బర్సౌమా రెప్పల దాకా వెళ్ళిపోయింది. ఆయన కదలకుండా పడుకుని ఉన్నాడు.

"నాన్నా, చీమలు!"

"తెలుసమ్మా. పుస్తకం ఎలాగూ చదవలేను. వీటి నడకైనా చదువుదామని చూస్తున్నా."

నవ్వడానికి చూశాడు గానీ రెప్పలు లాగడంతో మూలిగాడు. తేనెతో రెండు రెప్పలూ అతుక్కుపోయి ఉన్నాయి.

ఇరవై రోజుల కిందట ముందు ఎడమ కన్ను ఎర్రబడింది, ఆ తర్వాత కుడిది. బర్సౌమాది కళ్ళతో బతికే బతుకు. గ్రీకు వైద్య గ్రంథాలు ముందు పెట్టుకుని తమ సురియానీ భాషలో చెబుతుంటే, కూతురు పక్కన కూర్చుని రాసుకునేది. ఆ సురియానీని ఆయన స్నేహితుడు నుఐమ్ అరబీలోకి మార్చేవాడు. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో జరుగుతున్న పని అదే. బాగ్దాదులో కంటి వైద్యులందరి దగ్గరా ఇప్పుడు ఉన్నది పోయినేడు ఆ ముగ్గురూ కలిసి ముగించిన పుస్తకమే.

వైద్యం చేస్తున్న కుతైబా కూడా ఆ పుస్తకమే పట్టుకొచ్చాడు. కళ్ళు ఎర్రబడి వాస్తే గోరువెచ్చని నీళ్ళతో తేనె, రోజుకు మూడుసార్లు. బర్సౌమా మురిసిపోయాడు. "మన వంట మనకే వడ్డించారు చూడు!" అన్నాడు. పది రోజులు గడిచేసరికి వాపు రెట్టింపయింది. నిన్న కుతైబా పుస్తకం మూసి, "రేపు మధ్యాహ్నం కణతల దగ్గర వాతలు పెడతాను. పెట్టకపోతే చూపు దక్కదు" అన్నాడు. పెడితే దక్కుతుందని మాత్రం అనలేదు.

ఆ రేపు ఇవాళే.

షమూనీ చీమలను దులిపి, పొయ్యి మీది నీళ్ళు కాస్త చల్లార్చి తెచ్చింది. మెత్తటి గుడ్డ ముంచి తేనె కరిగేదాకా రెప్పలు తుడిచింది. బర్సౌమా ఒళ్ళంతా వదులైంది.

"ఆహా! ఎంత హాయిగా ఉందే తల్లీ! ఇదే మందయితే ఎంత బాగుండు."

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. గోరువెచ్చని నీళ్ళు. ఆ మాట రాసిన రోజు తను నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంత పెద్ద వైద్యుడు, ఇన్ని మూలికలు ఏకరువు పెట్టి, చివరికి మొహం కడుక్కోమన్నాడా అని నవ్వింది. తేనె అయితే నవ్వు ఎందుకొస్తుంది?

పెట్టె తెరిచి తన చేతిరాత సురియానీ ప్రతి తీసింది. కాగితాలు తిప్పింది. ఉంది. "గోరువెచ్చని నీళ్ళతో కడగడం." ఆ పేజీలో ఎక్కడా తేనె లేదు.

అప్పుడే నుఐమ్ చంకలో ఖర్బూజా పెట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏమయ్యా బర్సౌమా, చీమలకి విందు చేస్తున్నట్టున్నావు! మమ్మల్ని పిలవలేదే?"

షమూనీ మామూలుగా ఆయన ముందు తల ఎత్తదు. ఇప్పుడు ఆయన అరబీ ప్రతే తెచ్చి, ఒక మాట దగ్గర వేలు పెట్టి చూపించింది.

"బాబాయ్, ఇదేంటి?"

"తేనె. ఏం, చదవడం మర్చిపోయావా?"

"నేను రాసిచ్చింది కడగడం."

నుఐమ్ ఖర్బూజా కింద పెట్టాడు. కాగితం కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. అరబీలో ఆ రెండు మాటలకూ తేడా మొదటి అక్షరం మీద ఒకే ఒక్క చుక్క. ఉంటే కడగడం, లేకపోతే తేనె. నుఐమ్ చుక్కలు పెట్టడు. ఎన్నోసార్లు చెప్పాడు: "పండితుడికి చుక్కలు పెట్టిస్తే, నీకు చదువు రాదురా అని మొహాన అన్నట్టే." చదువుకున్న వాళ్ళందరి పద్ధతీ అదే. చుక్కలు బడిపిల్లలకి.

"నేను రాసింది నేనే తప్పు చదివాను," అన్నాడు నెమ్మదిగా. మంచం మీంచి బర్సౌమా, "ఏంటిరా గుసగుసలు?" అని అరిచాడు.

కుతైబా అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. సంచీలోంచి ఇనుప కడ్డీలు తీసి నిప్పుల్లో పెట్టాడు. నుఐమ్ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. తప్పు తనదని ఒప్పుకుంటే, బజార్లో రేపట్నుంచి ఆయన ప్రతి ఎవరు కొంటారు? షమూనీకి అది అర్థమైంది. కానీ కడ్డీ కొస ఎర్రబడుతోంది.

"హకీం గారూ," అంది. ఆయన కడ్డీలు తిప్పుతున్నాడు. మళ్ళీ అంది. "హకీం గారూ, అది తేనె కాదండీ. కడగడం."

"ఏంటమ్మా?"

"ఆ మాట మీద చుక్క ఉండాలి."

కుతైబా కనుబొమలు పైకి లేచాయి. "నాకు అక్షరాలు దిద్దిస్తున్నావా? ముప్ఫయ్యేళ్ళ నుంచి చదువుతున్నాను."

షమూనీ తల వాలిపోయింది. కానీ చేతిలోని కాగితం మాత్రం ఆయన ముందు నుంచి తియ్యలేదు.

"ఆ పిల్ల మీద అరవకండి," అన్నాడు నుఐమ్. గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "మీరు చదివింది తప్పు కాదు. చుక్క పెట్టనిది నేను. పొగరు నాది, మంట వాడి కళ్ళకి."

కుతైబా తన పుస్తకం తెరిచి ఆ వాక్యాన్ని రెండుసార్లు పెదవులతోనే చదువుకున్నాడు. తర్వాత పట్టకారుతో కడ్డీలు ఒక్కొక్కటే తీసి నీళ్ళలో వేశాడు. అవి బుస్సుమన్నాయి. ఆయన గోడకు చేరగిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు.

"నిజం చెప్పనా? వాతలు పెట్టాలంటే నాకు చచ్చే భయం. రాత్రంతా నిద్రే లేదు."

"నీకేనా నిద్ర లేనిది?" అన్నాడు మంచం మీంచి బర్సౌమా. ముగ్గురూ ఒక్కసారి నవ్వేశారు. షమూనీ మాత్రం వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చాక తేలిగ్గా అనిపించింది. లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

ఐదు రోజులు పూటపూటా కడిగితే వాపు దిగింది. ఆరో రోజు బర్సౌమా వాకిట్లో కూర్చుని అరబీ పుస్తకం అడిగాడు. తిన్నగా ఆ పేజీ తీసి, కళ్ళు చికిలించి, గోటితో గీకబోయాడు.

"ఏంటిది, ఈగ మరకా?"

"గీకకు నాన్నా! అది చుక్క. నేనే పెట్టాను."

"నుఐమ్ ఊరుకున్నాడా?"

"సిరా కలిపిచ్చింది ఆయనే."

బర్సౌమా చుక్క వైపు చాలాసేపు చూశాడు. "కొంచెం పెద్దగా పెట్టావేమో," అన్నాడు. "నాకే ఇంత దూరం నుంచి కనిపిస్తోంది."