దోమ కుట్టినంతే అన్నారు

టీ తాగడానికి రమ్మని పిల్లనిచ్చిన మామ తోలిబ్ కబురు పెట్టాడంటే ఏదో పని ఉన్నట్టే. ఎర్మత్ వెళ్ళేసరికి పెరట్లో మల్బరీ చెట్టు కింద కాబోయే చిన్నల్లుడు వ్లాదిక్ బిక్కమొహంతో కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, తాష్కెంట్‌లో స్థిరపడ్డ కొరియా వాళ్ళబ్బాయి. ముస్లిం ఇంటి పిల్లని చేసుకోవాలంటే పెళ్ళికి ముందు సున్తీ చేయించుకోవాలి. పెద్దయ్యాక చేయించుకున్నవాడు ఆ ఇంట్లో ఎర్మత్ ఒక్కడే కాబట్టి, అతనే ధైర్యం చెప్పాలట.

ఎర్మత్‌కి ఒళ్ళు మండింది. సోవియట్ రోజుల్లో పార్టీ కుర్చీ పోతుందని తండ్రి అతనికి సున్తీ చేయించలేదు. ఇరవై తొమ్మిదో ఏట, ఇదే చెట్టు కింద, ఇదే మామ దోమ కుట్టినంతే అన్నాడు, తర్వాత ఏ తేడా ఉండదన్నాడు. తనకి ఐదో ఏటే అయిపోయిన మనిషి దేనితో పోల్చి చెప్పినట్టు?

"చెప్పల్లుడూ, ఏమీ మారలేదు కదా?" అన్నాడు మామ.

"మారింది."

ఎనిమిదేళ్ళుగా పెళ్ళానికి కూడా చెప్పనిది ఎర్మత్ అప్పుడు చెప్పాడు. మొదట్లో లోబట్ట తగిలితే ప్రాణం విలవిల్లాడేది. పోనుపోను తగిలినా తెలియడం మానేసింది. పెదవి లోపలి భాగంలా ఉండే చర్మం ఎండి అరచేయిలా అయింది. కోసినచోట మచ్చ ఇప్పటికీ లాగుతుంది. డాక్టరునడిగితే కొందరికి ఇలా అవుతుంది, కొందరికి ఏ తేడా తెలియదు, ముందుగా చెప్పలేం అన్నాడు.

"అయితే వద్దంటావా అన్నా?" అన్నాడు వ్లాదిక్.

"వద్దనను. నీ ఒళ్ళు, నీ ఇష్టం. దోమ అని మాత్రం అనను."

"పెళ్ళి చెడగొట్టడానికే వచ్చావురా," అన్నాడు ముసలాయన.

"నిజం చెప్పి అడిగుంటే నేనూ ఒప్పుకునేవాణ్ణేమో మామా. మీ అమ్మాయి కోసం ఒప్పుకునేవాణ్ణి. మీరు అడగలేదు. మోసం చేశారు."

తోలిబ్ కూజా ఎత్తి ఎర్మత్ గిన్నెలో టీ అంచుదాకా పోశాడు. అక్కడ కావలసినవాళ్ళకి గిన్నె అడుగున కాస్తే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. నిండా పోస్తే ఇక లేచి పొమ్మని.

ఎర్మత్ లేవలేదు. నోరు కాలుతున్నా చివరి చుక్కదాకా తాగి, ఖాళీ గిన్నె మామ ముందుకి తోశాడు.

"పోయండి. ఇంకా చెప్పాల్సింది ఉంది."